మాన్యువల్ కారుకు షార్ట్ షిఫ్టర్ బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నా ఫోక్స్‌వ్యాగన్ పోలోకు షార్ట్ షిఫ్టర్, అంటే గేరు మార్చేటప్పుడు చెయ్యి కదిలే దూరాన్ని తగ్గించే కిట్, బిగించి నాలుగేళ్లు దాటింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పడం కంటే ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందనిపించింది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. అందుకే ముఖ్యమైన మాటలు ఒకటి రెండు చోట్ల మళ్లీ కనిపిస్తాయి.

## కొనాలా వద్దా అనుకునేటప్పుడు

షార్ట్ షిఫ్టర్ అంటే గేర్ రాడ్ పొట్టిగా ఉండటమేనా?

కాదు. తగ్గేది మీ చెయ్యి కదిలే దూరం. పొలంలో ఏతం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇరుసుకు ఇటు ఎంత పొడవు, అటు ఎంత పొడవు, అంతా ఆ నిష్పత్తిలోనే ఉంది. గేర్ రాడ్‌కు (దీన్నే లివర్ అని కూడా అంటాం) కన్సోల్ కింద, అంటే సీట్ల మధ్య ఉండే ప్లాస్టిక్ పెట్టె కింద, ఒక ఇరుసు ఉంటుంది. దాని పైన నాబ్ (చేత్తో పట్టుకునే పిడి) వరకు 200 మిల్లీమీటర్లు, కింద గేర్ బాక్స్‌కు వెళ్లే కేబుల్ తగిలించే చోటు వరకు 50 మిల్లీమీటర్లు ఉన్నాయనుకోండి. కేబుల్ 15 మిల్లీమీటర్లు కదిలితే గేరు పడుతుందంటే, పైన మీ చెయ్యి 60 మిల్లీమీటర్లు కదలాలి. కింది భాగాన్ని 65 చేస్తే చెయ్యి 46 కదిలితే చాలు. దూరం దాదాపు పావు వంతు తగ్గింది. కాకపోతే తోయాల్సిన బలం 30 శాతం పెరిగింది. గేర్ బాక్స్‌కు కావాల్సిన పని మారదు కాబట్టి దూరంలో మిగిల్చింది బలంలో కట్టాల్సిందే. ఏ కంపెనీ కిట్ అయినా, ఎంత ఖరీదు పెట్టినా ఈ లెక్క మారదు.

వేస్తే కారు స్పీడు పెరుగుతుందా?

ఇంజన్ పవర్ మీద దీని ప్రభావం ఏమీ లేదు. గేరు మార్చే సమయం కూడా మనం అనుకున్నంత తగ్గదు, ఎందుకంటే అసలు ఆలస్యం చేతిలో కాదు, లోపల సింక్రో రింగుల దగ్గర ఉంటుంది. తిరుగుతున్న రెండు భాగాల వేగాన్ని రాపిడితో సమానం చేసేదాకా ఆ రింగు గేరును లోపలికి రానివ్వదు. షార్ట్ షిఫ్టర్ వల్ల వచ్చేది చేతికి తెలిసే తృప్తి: గేరు ఎక్కడ పడిందో స్పష్టంగా తెలుస్తుంది, మోచెయ్యి కదలకుండా మణికట్టుతోనే సెకండ్ నుంచి థర్డ్‌కు వెళ్లొచ్చు. శ్రీశైలం ఘాట్‌లో దిగుతూ థర్డ్ నుంచి సెకండ్‌కు తెచ్చినప్పుడు ఆ తేడా నాకు ప్రతి మలుపులో తెలుస్తుంది. నేను దీనికి డబ్బు పెట్టింది ఆ ఆనందం కోసమే, దాని గురించి నాకు ఏ విచారమూ లేదు.

నా గేర్ రాడ్ లూజుగా ఊగుతోంది. షార్ట్ షిఫ్టర్ వేస్తే పోతుందా?

పోదు. నన్ను అడిగేవాళ్లలో చాలామంది అసలు సమస్య ఇదే. లక్ష కిలోమీటర్లు దగ్గర పడుతున్న కారులో కేబుల్ చివర పిన్ను చుట్టూ ఉండే చిన్న ప్లాస్టిక్ ఉంగరం, అంటే బుష్, అరిగిపోయి ఉంటుంది. తీసి చేతిలో పెట్టుకుని చూస్తే గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటుంది. ఆ సందులో పిన్ను అటూ ఇటూ కొట్టుకుంటుంటే కేబుల్ కదలడానికి ముందే మీ చెయ్యి కొంత దూరం వృథాగా కదులుతుంది. లెక్క చూడండి: కింద 2 మిల్లీమీటర్ల ప్లే (లూజు) ఉంటే, నాలుగింతల నిష్పత్తి ఉన్న రాడ్‌లో పైన నాబ్ దగ్గర అది 8 మిల్లీమీటర్లు. షార్ట్ షిఫ్టర్‌తో ఆ 8 కొంచెం తగ్గొచ్చు గానీ, మొత్తం కదలికే తగ్గింది కాబట్టి ఆ లూజు నిష్పత్తిలో అలాగే ఉంటుంది. పైగా గేరు పూర్తిగా పడకపోయే ప్రమాదం తోడవుతుంది. ముందు బుష్‌లు, ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంట్‌లు, గేర్ బాక్స్ ఆయిల్ ఈ మూడూ చూపించండి. వీటితోనే కారు కొత్తదానిలా అయిపోయి, షార్ట్ షిఫ్టర్ ఆలోచనే మానేసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

గేరు వేస్తే కర్ర్ మంటోంది. దీనికి షార్ట్ షిఫ్టర్ మందా?

కాదు. ఒక పరీక్ష చేయండి. ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి, హాయిగా పడతాయా? ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడు కూడా కర్ర్ మంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. క్లచ్ కేబులో, హైడ్రాలిక్ లైన్‌లో గాలో చూసుకోవాలి. నిలబడి ఉన్నప్పుడు బాగుండి, నడుస్తుండగా ఒకే ఒక్క గేరు దగ్గర, ఎక్కువగా సెకండ్ దగ్గర, శబ్దం వస్తే ఆ గేరు సింక్రో అరిగింది. ఈ రెండిటిలో దేనికీ లివర్ మార్చడం పరిష్కారం కాదు.

రోజూ సిటీ ట్రాఫిక్‌లో నడుపుతాను. చెయ్యి నొప్పి పుడుతుందా?

అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా సాయంత్రం ఆరింటికి ఫస్ట్, సెకండ్, మళ్లీ ఫస్ట్ వేసుకుంటూ వెళ్లేవాళ్లకు తేడా తెలుస్తుంది. 20 శాతం దాకా తగ్గించినవి ఇబ్బంది పెట్టవు. 40 శాతం తగ్గిస్తే దూరం 0.6 అవుతుంది, అంటే బలం సుమారు 1.67 రెట్లు కావాలి. భుజం నొప్పి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు ఆ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను.

ఏఎంటీ కారుకు వేయొచ్చా? ఐఎంటీకి?

రెండింటికీ వద్దు. 2014లో సెలెరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీల్లో గేరు మార్చేది యంత్రం, మీ చేతిలో ఉన్న లివర్ ఒక స్విచ్ మాత్రమే. క్లచ్ పెడల్ లేని ఐఎంటీలో లివర్‌తో మీరే గేరు మారుస్తారు గానీ, మీ చెయ్యి లివర్‌ను కదిలించబోతోందని పసిగట్టి క్లచ్ విడిపించే సెన్సర్ అక్కడే ఉంటుంది. దాన్ని కదిలిస్తే కొత్త తలనొప్పి.

ఆర్టీవో ఏమైనా అంటారా? ఇన్సూరెన్స్, వారంటీ సంగతేంటి?

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడా పడేలా కారును మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. గేర్ లివర్ నిష్పత్తి ఆర్సీలో రాసే వివరం కాదు. ఇంజన్, రంగు, బాడీ లాంటి వాటితో దీన్ని కలపక్కర్లేదు. అయినా ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోవడం మంచిది, క్లెయిమ్ రోజు టెన్షన్ ఉండదు. వారంటీలో ఉన్న కారైతే గేర్ బాక్స్, క్లచ్ గొడవలు వచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట దీనివైపే వేలు చూపిస్తారు. వారంటీ అయ్యేదాకా ఆగమనే నా సలహా.

## కిట్ ఎంచుకునేటప్పుడు

నా కారుకు ఏ రకం పనికొస్తుందో ఎలా తెలుసుకోవాలి?

లివర్‌ను గేర్ బాక్స్‌కు కలిపే పద్ధతిని బట్టి మూడు రకాలు ఉంటాయి. మొదటిది కేబుల్: స్విఫ్ట్, ఐ20, పోలో లాంటి, ముందు చక్రాలకు పవర్ ఇచ్చే ఈ కాలపు కార్లలో చాలావరకు ఇదే. రెండు కేబుళ్లు ఉంటాయి, ఒకటి కుడి ఎడమల వరుసను ఎంచుకోవడానికి, ఇంకొకటి ముందుకు వెనక్కి గేరు వేయడానికి. రెండోది కేబుళ్లకు బదులు ఇనుప రాడ్లు ఉండే రాడ్ లింకేజ్: మారుతి 800, జెన్, ఎస్టీమ్ కాలం నాటి కార్లు. వీటిలో లివర్ కింది భాగం కారు అడుగున బయటికి ఉంటుంది కాబట్టి, పొడవైన కిట్ వేస్తే సైలెన్సర్ పైపుకో, దాని మీద ఉన్న రేకుకో తగలొచ్చు. మన స్పీడ్ బ్రేకర్లు తలచుకుంటే అది చిన్న విషయం కాదు. మూడోది లివర్ నేరుగా గేర్ బాక్స్‌లోకి దిగే రకం, ఇంజన్‌ను బండి పొడవు దిశలో అమర్చి వెనక చక్రాలకు పవర్ ఇచ్చే జిప్సీ లాంటి బళ్లలో ఉంటుంది. మీది ఏ రకమో మీ నమ్మకమైన మెకానిక్ ఒక్క నిమిషంలో చెప్పేస్తారు. కిట్ కొనేటప్పుడు మాత్రం కారు పేరు ఒక్కటే చూడకండి, గేర్ బాక్స్ కోడ్, తయారైన సంవత్సరం, ఎన్ని గేర్లు అనేవి కూడా చూడండి. ఒకే పేరున్న కారులో పెట్రోల్‌కు ఒక గేర్ బాక్స్, డీజిల్‌కు ఇంకొకటి ఉండటం మామూలే.

ఎంత శాతం తగ్గించే కిట్ తీసుకోవాలి?

రోజువారీ కారుకు 20 నుంచి 25 శాతం. అంతకు మించితే ట్రాక్ కారు, ఆదివారం కారు. కేబుల్ తగిలించడానికి రెండు మూడు రంధ్రాలున్న అడ్జస్టబుల్ కిట్ దొరికితే అదే తీసుకుని, తక్కువ తగ్గించే రంధ్రంతో మొదలుపెట్టండి. ఇంకో విషయం, అది ముందుకు వెనక్కి కదలికను మాత్రమే తగ్గిస్తుందా, కుడి ఎడమల వరుసలను కూడా దగ్గరికి తెస్తుందా అని అడగండి. వరుసలు మరీ దగ్గరైతే ఫిఫ్త్ నుంచి ఫోర్త్ అనుకుని సెకండ్‌లో వేసే ప్రమాదం ఉంది. వంద స్పీడులో సెకండ్ పడి క్లచ్ వదిలితే ఇంజన్ తన పరిమితి దాటి తిరుగుతుంది, ఇంజన్ మరీ వేగంగా తిరగకుండా ఆపే రెవ్ లిమిటర్ కూడా కాపాడలేదు, ఎందుకంటే అప్పుడు ఇంజన్‌ను తిప్పేది పెట్రోలు కాదు, చక్రాలు. వాల్వులు పిస్టన్‌కు తగిలితే ఇంజన్ విప్పాల్సిందే.

ఆటోనగర్‌లో రాడ్ కోసి వెల్డింగ్ చేయిస్తే చవకలో అయిపోతుంది కదా?

అవుతుంది, చేసేవాళ్ల చేతి పనితనం మీద నాకు ఎంతో గౌరవం కూడా ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ ముందు కూర్చున్న మనిషి కళ్లతోనే అర మిల్లీమీటరు కొలిచేస్తారు. కానీ పై నుంచి కోసేస్తే నాబ్ కిందికి దిగిపోతుంది, స్టీరింగ్ నుంచి చెయ్యి దూరం వెళ్లాల్సి వస్తుంది. 200 ఉన్న రాడ్‌ను 160 చేస్తే 60 కదిలే చోట 48 కదులుతుంది, నిజమే. ఆ పని వెనక్కి తీసుకోలేం, అదే ఇబ్బంది. కింది భాగాన్ని పొడిగించి వెల్డింగ్ చేయించడం మాత్రం అస్సలు వద్దు. దగ్గర్లోనే ఉన్న ప్లాస్టిక్ బంతి, బుష్ ఆ వేడికి మెత్తబడి ఆకారం మారిపోతాయి. అతుకు దగ్గర విరిగితే నడిరోడ్డు మీద చేతిలోకి రాడ్ వచ్చేస్తుంది. లేత్ మీద పని చేయించాలనుకుంటే పాత సామాను మార్కెట్లో రెండో లివర్ సంపాదించి దాని మీద ప్రయోగం చేయండి, కారుతో వచ్చింది ముట్టుకోవద్దు.

బయటి దేశం నుంచి తెప్పించిన కిట్ మన కుడి స్టీరింగ్ కారుకు సరిపోతుందా?

గేర్ బాక్స్ మీద కేబుల్ తగిలించే ఇనుప చెయ్యిని (ఆర్మ్) మార్చే కిట్ అయితే చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే గేర్ బాక్స్‌కు స్టీరింగ్ ఎటు ఉందో పట్టదు. లివరే మార్చే కిట్ అయితే జాగ్రత్త. చాలా లివర్లు డ్రైవర్ వైపు కొంచెం వంగి ఉంటాయి. ఎడమ స్టీరింగ్ దేశానికి చేసింది తెస్తే అది పక్క సీటు వైపు వంగి కూర్చుంటుంది. ఆర్డర్ పెట్టే ముందు ఎదురు నుంచి తీసిన ఫొటో అడగండి.

కిట్ ఎందుకు, బరువైన నాబ్ వేస్తే చాలదా?

కొంతమందికి చాలు. బరువు వల్ల చేతి ఊపు సింక్రో దాకా కాస్త మెత్తగా చేరుతుంది, దూరం మాత్రం తగ్గదు. తక్కువ ఖర్చు, ఐదు నిమిషాల పని, నచ్చకపోతే తీసేయొచ్చు. ఒక్కటే మాట: స్టీలు, అల్యూమినియం నాబ్‌లు మే నెలలో ఎండలో పెట్టిన కారులో అట్లపెనంలా కాలతాయి. రామగుండం ఎండల్లో అరచెయ్యి బొబ్బ ఎక్కిన మిత్రుడు ఇప్పుడు దాని మీద పాత సాక్సు తొడిగి పార్క్ చేస్తాడు. తోలు చుట్టినది గానీ, గట్టి ప్లాస్టిక్‌ది గానీ తీసుకోండి.

ఇత్తడి బుష్‌లు వేయించుకోవాలా?

మెత్తటి రబ్బరు తీసి ఇత్తడి పెడితే స్పష్టత పెరుగుతుంది, దాంతో పాటు ఇంజన్ వణుకు కూడా చేతికి వస్తుంది. దూర ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లు కేబుల్ చివర నైలాన్ లాంటి గట్టి ప్లాస్టిక్ వేసుకుని, లివర్ అడుగు పీఠం కింద రబ్బరు అలాగే ఉంచుకుంటే మధ్యేమార్గం.

## బిగించే రోజు

నేనే ఇంట్లో చేసుకోవచ్చా? ఏమేం కావాలి?

కన్సోల్ విప్పి మళ్లీ బిగించిన అనుభవం ఉంటే చేసుకోవచ్చు. మొదటిసారి అయితే ఒక పూట మొత్తం కేటాయించుకోండి, మరునాడు ఉదయం కారు తప్పనిసరిగా కావాల్సిన రోజు అసలు మొదలుపెట్టొద్దు. 10, 12, 13 సాకెట్లు, పొడవైన ఎక్స్‌టెన్షన్, నోస్ ప్లయర్, టార్క్స్ బిట్లు (నక్షత్రం ఆకారపు స్క్రూలకు), చిన్న టార్చి, ట్రిమ్ తీసే ప్లాస్టిక్ పుల్ల, గ్రీజు, నట్లు వదులు కాకుండా పట్టి ఉంచే నీలం రంగు థ్రెడ్‌లాకర్ జిగురు చాలు. కారు చదునైన చోట పెట్టి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. పని మధ్యలో గేర్లన్నీ మార్చి చూస్తాం, హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, పైగా కొన్ని కార్లలో కన్సోల్ తీయాలంటే హ్యాండ్ బ్రేక్ కదిలించాల్సి వస్తుంది.

కన్సోల్ విప్పితే ఎయిర్‌బ్యాగ్ పేలుతుందా?

ఊరికే పేలదు, కానీ ఈ భయం అక్కర్లేనిది కాదు. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సరిగ్గా కన్సోల్ కింద, గేర్ లివర్‌కు దగ్గర్లో నేలకు బిగించి ఉంటుంది. గుద్దుకోవడాన్ని పసిగట్టేది అదే. కాబట్టి ఇగ్నిషన్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కనీసం మూడు నిమిషాలు ఆగాకే స్పానర్ పట్టుకోండి. ఎయిర్‌బ్యాగ్ తీగలకు ఉండే పసుపు రంగు కనెక్టర్లను ముట్టుకోవద్దు. ఆ యూనిట్ చుట్టుపక్కల సుత్తితో కొట్టడం, స్క్రూడ్రైవర్‌తో పెకలించడం వద్దు.

గేర్ నాబ్ ఊడి రావట్లేదు. ఎంత బలం పెట్టాలి?

ముందు అది ఏ రకమో చూడండి. మరతో బిగించినదైతే తోలు తొడుగు కిందికి లాగి, నాబ్‌ను ఎడమకు తిప్పుతూ పోతే వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో తిప్పితే రాదు. తొడుగు చుట్టూ ఉన్న చట్రాన్ని పైకి లేపి, తొడుగును లోపలిది బయటికి వచ్చేలా తిరగేస్తే నాబ్ మెడ దగ్గర ఒక నొక్కుడు క్లిప్పు కనిపిస్తుంది. అది ఒక్కసారికే పనికొచ్చేది, కోసేయాలి, మళ్లీ బిగించేటప్పుడు చిన్న హోస్ క్లిప్పు వేసుకోవచ్చు. బలంగా పైకి లాగేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకోండి. అది ఒక్కసారిగా ఊడి గడ్డానికి తగులుతుంది, నాకు తగిలింది.

పాతది విప్పే ముందు ఏమైనా గుర్తులు పెట్టుకోవాలా?

ఈ మొత్తం పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. బానెట్ ఎత్తి గేర్ బాక్స్ మీద కేబుల్ తగిలించిన చెయ్యిని వెతకండి. చాలా కార్లలో బ్యాటరీ కిందో, ఎయిర్ ఫిల్టర్ డబ్బా కిందో ఉంటుంది. లోపల ఒకరు కూర్చుని ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఒక్కో గేరు వేస్తుంటే, ఆ చెయ్యి న్యూట్రల్ నుంచి ఎన్ని మిల్లీమీటర్లు కదులుతోందో స్కేలు పెట్టి కొలవండి. ఫస్ట్‌కు ఎంత, సెకండ్‌కు ఎంత, అలా రివర్స్ దాకా కాగితం మీద రాసుకోండి. కొత్తది బిగించాక మళ్లీ కొలవండి. మార్చింది లివరైతే గేర్ బాక్స్ దగ్గర అవే అంకెలు రావాలి. మార్చింది గేర్ బాక్స్ మీది చెయ్యే అయితే దాని పొడవు వేరు కాబట్టి మిల్లీమీటర్లు కలవవు, అప్పుడు చెయ్యి తిరిగే కోణం అంతే ఉందో లేదో చూడాలి, దాని ఇరుసు మీద ముందే మార్కర్‌తో గీత గీసి పెట్టుకుంటే తేలిక.

ఎందుకింత పట్టింపు అంటే, షార్ట్ షిఫ్టర్ వల్ల గేర్ బాక్స్‌కు జరిగే అసలు నష్టం గేరు సగం పడి ఆగిపోవడమే. లోపల పళ్లు పూర్తిగా కలవకుండా అంచుల మీద భారం మోస్తాయి, రోజురోజుకూ గుండ్రంగా అరుగుతాయి, ఒకరోజు యాక్సిలరేటర్ వదలగానే గేరు న్యూట్రల్‌లోకి జారిపోతుంది. చేతికి మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది. నేను మొదటిసారి బిగించినప్పుడు థర్డ్ 2 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. వెతికితే మడతలు పడిన తోలు తొడుగు లివర్‌కూ కన్సోల్ అంచుకూ మధ్య ఇరుక్కుని ఉంది. కొలవకపోయి ఉంటే అలాగే నడిపేసేవాడిని.

కేబుల్ చివర్లు ఊడదీస్తుంటే విరుగుతాయేమోనని భయంగా ఉంది. ఎలా తీయాలి?

బంతి, గిన్నె లాంటి అమరిక అయితే కేబుల్‌ను పట్టుకుని లాగకండి, గిన్నె కింద వెడల్పాటి స్క్రూడ్రైవర్ పెట్టి నిటారుగా పైకి లేపండి. పిన్ను, క్లిప్పు ఉన్నవాటిలో క్లిప్పు తీశాక అదే జారి వస్తుంది. క్లిప్పు ఎగిరి ఇంజన్ సందుల్లో పడకుండా కింద గుడ్డ పరవండి. పాత ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి ఉంటుంది, అందుకే కొత్త బుష్‌లు, క్లిప్పులు ముందే కొని దగ్గర పెట్టుకోండి. రెండు కేబుళ్లకూ రెండు రంగుల టేపు చుట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

గేర్ బాక్స్ చెయ్యి మీద ఇనుప ముద్ద ఉంది. తీసేస్తే తేలికవుతుంది కదా?

తీయకండి. పోలో లాంటి కార్లలో ఆ బరువు కావాలనే పెట్టారు. గేరు లోపలికి దిగేటప్పుడు దాని ఊపు సాయపడుతుంది. తీసేస్తే గేర్లు గరగరగా, మెట్లు మెట్లుగా తగులుతాయి.

ఏ గ్రీజు పెట్టాలి?

లోహం మీద లోహం తిరిగే చోట మామూలు లిథియం గ్రీజు. ప్లాస్టిక్, రబ్బరు ఉన్నచోట సిలికాన్ గ్రీజు, ఎందుకంటే పెట్రోలియం గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. పలచగా చాలు, ముద్దలు ముద్దలుగా పూస్తే మన దుమ్ముకు అది నెలలోనే ఆకురాయి కాగితంలా మారుతుంది.

జిప్సీ లాంటి బండిలో లివర్ నేరుగా గేర్ బాక్స్‌లోకే వెళ్తోంది. ఏం జాగ్రత్త?

లివర్ పైకి తీసిన మరుక్షణం ఆ రంధ్రాన్ని శుభ్రమైన, పోగులు రాలని గుడ్డతో మూసేయండి. ఒక్క బోల్టు లోపల పడిందా, అయస్కాంతంతో దొరికితే సరి, లేకపోతే గేర్ బాక్స్ దించాలి. తీసే ముందే చుట్టూ ఉన్న మట్టిని ఊదేయండి. పాత రబ్బరు తొడుగు చిరిగి ఉంటే కొత్తది వేయండి, లేదంటే వానాకాలంలో నీళ్లు, ఎండాకాలంలో వేడి రెండూ లోపలికి వస్తాయి.

## బిగించాక సరిచూసుకునేటప్పుడు

ఫస్ట్, సెకండ్ బాగా పడుతున్నాయి, ఫిఫ్త్ దగ్గర మాత్రం తగలట్లేదు. ఎక్కడ తప్పు?

ఒక చివర వరుస బాగుండి ఇంకో చివర అందకపోతే కుడి ఎడమల కేబుల్ మధ్యలో లేదు. ఒక వైపు గేర్లు, అంటే ఫస్ట్, థర్డ్, ఫిఫ్త్ లోతుగా పడి, సెకండ్, ఫోర్త్ పైపైన పడుతుంటే ముందుకు వెనక్కి కేబుల్ సరిగా లేదు. పోలోలో సరిచేసే పద్ధతి ఇది: గేర్ బాక్స్ దగ్గర రెండు కేబుళ్ల చివర స్ప్రింగు కాలర్లు ఉంటాయి, వాటిని ముందుకు నొక్కి ఎడమకు తిప్పితే తెరుచుకుని నిలుస్తాయి. గేర్ బాక్స్ షాఫ్ట్‌ను కిందికి నొక్కి, దాని పక్క కొక్కెం తిప్పి లాక్ చేయాలి. లోపల లివర్‌ను న్యూట్రల్‌లో ఫస్ట్, సెకండ్ వరుస వైపు పెట్టి, అక్కడి రంధ్రంలో సరిపోయే పిన్నుగానీ సన్నటి డ్రిల్ బిట్‌గానీ దూర్చాలి. ఇప్పుడు కాలర్లు వదిలితే కేబుళ్లు తమంతట తామే సరైన పొడవు పట్టుకుంటాయి. పిన్ను తీయడం, లాక్ విప్పడం మర్చిపోకండి. వేరే కార్లలో పద్ధతి వేరు, మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్ చూసి చేయండి.

రివర్స్ విషయంలో ఏం చూసుకోవాలి?

మూడు విషయాలు. రివర్స్‌లోకి పొరపాటున వెళ్లకుండా ఆపే అడ్డు, అది నొక్కేదైనా, కింది ఉంగరం ఎత్తేదైనా, పనిచేస్తోందా? రివర్స్ పూర్తిగా పడుతోందా? వెనక తెల్ల లైటు వెలుగుతోందా? ఆ అడ్డు తీసేయమని చెప్పే కిట్ ఏదైనా సరే వెనక్కి పంపేయండి.

మొదటిసారి రోడ్డు మీదికి ఎలా తీసుకెళ్లాలి?

ఇంజన్ ఆపి ఒక్కో గేరు పదిసార్లు. తర్వాత కన్సోల్, తొడుగు పూర్తిగా బిగించి మళ్లీ పదిసార్లు, ఎందుకంటే కన్సోల్ లేనప్పుడు బాగా పడిన గేరు అది బిగించాక అంచుకు తగిలి ఆగిపోవడం చాలా మామూలు. ఆ తర్వాత ఇంజన్ వేసి, క్లచ్ తొక్కి అన్నీ వేయండి. చివరికి తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా. ప్రతి గేరులో యాక్సిలరేటర్ కొంచెం తొక్కి, ఒక్కసారి వదిలి, మళ్లీ తొక్కండి. గేరు జారితే వెంటనే ఇంటికి. 200 కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్లీ బిగించి చూడండి.

## కొన్ని నెలలు నడిపాక

పొద్దున్నే సెకండ్ గేరు రాయిలా ఉంటోంది. ఏదైనా పాడైందా?

చల్లని ఆయిల్ చిక్కగా ఉండటం వల్ల మొదటి రెండు మూడు కిలోమీటర్లు అన్ని కార్లలోనూ ఇలాగే ఉంటుంది, షార్ట్ షిఫ్టర్ వల్ల అది మీ చేతికి ఎక్కువ తెలుస్తోంది. బలవంతం చేయకండి, ఒక్క క్షణం నాబ్‌ను గేరుకు ఆనించి ఉంచితే అదే లోపలికి వెళ్తుంది. ఆయిల్ మార్చి చాలా ఏళ్లయితే మార్పించండి. గ్రేడు మాత్రం మాన్యువల్‌లో ఉన్నదే పోయించాలి. జీఎల్-4 (గేర్ ఆయిల్ గ్రేడు) చెప్పిన చోట, ఇంకా మంచిదని ఎవరో అన్నారని జీఎల్-5 పోయించకండి, దానిలోని గంధకం కలిసిన రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తినే అవకాశం ఉంది.

గంటకు ఎనభై దాటితే లివర్ జుయ్ మంటోంది. భరించాల్సిందేనా?

ముందు నాబ్ బిగువు చూడండి, సగం కేసుల్లో అదే. తర్వాత లివర్ పీఠం బోల్టులు, వాటి కింది రబ్బరు వాషర్లు. నాబ్ బోలుగా ఉంటే లోపల కాస్త బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే మెత్తటి రబ్బరు టేపు) కూర్చినా శబ్దం తగ్గుతుంది.

దీర్ఘకాలంలో సింక్రోలు పాడవుతాయా?

లివర్ పాడుచేయదు, నడిపే తీరు పాడుచేస్తుంది. ఫ్యాక్టరీ లివర్‌తో మీ చేతికి, సింక్రోకు మధ్య కొంత మెత్తదనం ఉండేది. ఇప్పుడు చెయ్యి విసిరితే ఆ విసురంతా రింగు మీదే పడుతుంది. క్లచ్ పూర్తిగా తొక్కాక, రెండు వేళ్లూ అరచెయ్యీ ఆనించి, ఒకే ఒత్తిడితో వేస్తే ఏమీ కాదు. సిగ్నల్ దగ్గర నాబ్ మీద చెయ్యి బరువు వేసి కూర్చునే అలవాటు ఉంటే అది మానుకోండి, లోపల గేరును జరిపే సెలెక్టర్ ఫోర్క్ ఊరికే అరుగుతుంది.

ఇంట్లో మా ఆవిడ, నాన్నగారు కూడా ఇదే కారు నడుపుతారు. ఇబ్బందా?

చెప్పకుండా తాళాలు ఇస్తే ఇబ్బందే. మా నాన్నగారు మొదటి రోజు థర్డ్ అనుకుని ఫస్ట్ వైపు నెట్టారు, అదృష్టంకొద్దీ సింక్రో ఒప్పుకోలేదు. తర్వాత ఒక ఆదివారం ఉదయం ఖాళీ మైదానంలో అరగంట కూర్చోబెట్టి నడిపించాను. ఇంట్లో ఎవరికైనా బలం సరిపోకపోతే తక్కువ తగ్గించే రంధ్రానికి మార్చేయండి. కారు అందరిదీ.

నేను అమెరికాలో ఉంటాను, పాత మియాటా కొన్నాను. ఇవన్నీ నాకూ వర్తిస్తాయా?

మియాటా (మాజ్దా వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ కారు)లో కేబుళ్లు ఉండవు, లివర్ నేరుగా గేర్ బాక్స్ మీదికి దిగుతుంది, అందుకే కంపెనీ లివరే ఎంతో చక్కగా ఉంటుంది. 1989 నుంచి 2005 దాకా వచ్చిన మొదటి రెండు తరాల కార్లలో లివర్ కూర్చునే గూటికి ప్రత్యేకంగా కొంచెం ఆయిల్ ఉంటుంది. పాత కారులో అది ఎండిపోయి, లివర్ అడుగున ఉండే చిన్న ప్లాస్టిక్ బుష్ ముక్కలై, రబ్బరు తొడుగులు చిరిగి ఉంటాయి. ఆ బుష్, తొడుగులు మార్చి, తాజా ఆయిల్ పోసి ఒక నెల నడపండి, ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే కిట్ కొనండి. వారంటీలో ఉన్న కొత్త కారైతే 1975 నాటి మాగ్నూసన్-మాస్ చట్టం అక్కడ మీకు కొంత రక్షణ: బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయడం కుదరదు, ఆ భాగం వల్లే నష్టం జరిగిందని వాళ్లు చూపించాలి.

తీసిన పాత లివర్, బుష్‌లు ఏం చేయాలి?

తుడిచి, క్లిప్పులతో సహా ఒక సంచిలో వేసి, మీరు కొలిచి రాసుకున్న కాగితం కూడా అందులోనే పెట్టి అటక మీద దాచండి. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లకు రెండూ నడిపి చూపించండి. పాతదే కావాలంటే ఒక పూట పని.